సంక్రాంతి గొడవకీ అమ్మ వెన్నులో మచ్చలకీ సంబంధం ఉందా?

కోనసీమలో పుట్టి, పెళ్లయ్యాక భీమవరంలో ఉంటున్న ఒక సోదరి రాసిన ఆరు పేజీల ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమె అమ్మగారికి 61 ఏళ్లు. 2019లో ఎడమ రొమ్ములో గడ్డ వస్తే ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. హార్మోన్ రకం క్యాన్సర్ (ఒంట్లోని హార్మోన్ల ఆసరాతో పెరిగేది) అని చెప్పి ఐదేళ్లపాటు రోజుకో మాత్ర వేసుకోమన్నారు. ఆవిడ ఒక్క రోజు కూడా మానకుండా వేసుకున్నారు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఈ ఏడాది సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు ఈ సోదరి నలభై సెంట్ల కొబ్బరితోటలో తన వాటా అడిగారు. రొయ్యల చెరువులు చేసే అన్నయ్య గట్టిగా అరిచాడు. ఈమె కూడా తగ్గలేదు. కనుమ నాడే ఏడ్చుకుంటూ వచ్చేశారు. మార్చిలో అమ్మగారికి నడుము నొప్పి మొదలైంది. స్కాన్ తీస్తే వెన్నెముకలో మచ్చలున్నాయన్నారు. ముక్క పరీక్ష చేస్తే పాత క్యాన్సరే పాకిందని తేలింది.

అప్పటినుంచి అన్నయ్యది ఒకటే మాట: "నువ్వు పెట్టిన టెన్షన్ వల్లే అమ్మకి మళ్లీ తిరగబెట్టింది." మేనత్త కూడా అదే పాట. అంతలో ఈమె ఫోన్‌లో ఒక వ్యాసం చదివారు. కణాల్లో జరిగే స్ట్రెస్ రెస్పాన్స్ వల్ల క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని అందులో ఉంది. "అన్నయ్య కోపంలో అన్నాడని సరిపెట్టుకున్నాను. సైన్సు కూడా అదే అంటుంటే ఇంక నేనేం చెప్పుకోను? ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు" అని రాశారు. అమ్మగారికి ఇంకా అసలు విషయం చెప్పలేదు, 'అరుగుదల' అని చెప్పారట. అన్నయ్య ఎవరో చెప్పారని ఖరీదైన యాంటీఆక్సిడెంట్ మాత్రలు, పొడి డబ్బాలు తెచ్చి పెడుతున్నాడు. చెల్లెలు ఇంటికి వస్తే అమ్మకి టెన్షన్ పెరుగుతుందని రావద్దంటున్నాడు. అమ్మగారేమో ఫోన్ చేసి "ఎందుకు రావట్లేదే" అని అడుగుతున్నారు. నా వల్లేనా, వెళ్లాలా వద్దా, అమ్మకి చెప్పాలా వద్దా, తోట వదిలేసుకుంటే అమ్మకి నయమవుతుందా: ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందు మొదటి ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను, అది తేలకుండా మిగతావి మీకు తలకెక్కవు. మీ వల్ల కాదు. మిమ్మల్ని ఊరడించడానికి అనడం లేదు. లెక్క చూపిస్తాను.

స్కాన్‌లో కనపడే ఒక సెంటీమీటరు గడ్డలో దాదాపు నూరు కోట్ల కణాలుంటాయి. ఒక్క కణం రెండై, రెండు నాలుగై అంత కావాలంటే సుమారు ముప్పై సార్లు రెట్టింపు కావాలి. ఒక్కో రెట్టింపుకి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్ ఇంకా నెమ్మదిది. మీరు గొడవ పడింది జనవరి మధ్యలో, నొప్పి మొదలైంది మార్చిలో. ఆ రెండు నెలల్లో ఒక్క కణం నుంచి అంత మచ్చ తయారు కాదు. ఆ కణాలు మీ అమ్మగారి ఎముకలోకి చేరింది ఏళ్ల క్రితం. బహుశా 2019లో గడ్డ చేతికి తగలక ముందే చేరి ఉంటాయి. ఈ రకం క్యాన్సర్ పదేళ్లకీ, ఇరవై ఏళ్లకీ కూడా తిరగబెట్టడం డాక్టర్లకి తెలిసిన విషయమే. మీరు తోట మాట ఎత్తే నాటికి ఆ మచ్చలు అక్కడ ఉన్నాయి.

ఇక మీరు చదివిన వ్యాసం. అది అబద్ధం కాదు. కాకపోతే అందులోని 'స్ట్రెస్' మనం ఇంట్లో అనుకునే టెన్షన్ కాదు. ఇంగ్లిషులో రెండింటికీ ఒకటే మాట వాడటం వల్ల మీలాంటివాళ్లు ఎంతమంది రాత్రుళ్లు నిద్ర లేకుండా గడుపుతున్నారో నేను చూస్తున్నాను. కణానికి మనసు లేదు, తగాదా తెలియదు. దానికి ఒత్తిడి అంటే గాలి ఆడకపోవడం, తిండి అందకపోవడం, వేడి పెరగడం, లోపల తయారైన ప్రోటీన్లు సరిగ్గా మడత పడక పోగుపడటం. అలాంటి కష్టం వచ్చినప్పుడు కణం తనను తాను కాపాడుకోవడానికి చేసే పనులనే స్ట్రెస్ రెస్పాన్స్ అంటారు. 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోస్సా పండ్ల ఈగల కణాల్లో దీన్ని మొదటిసారి పట్టుకున్నాడు. వాటిని ఉంచిన పెట్టెలో వేడి పెరిగేసరికి క్రోమోజోములు అక్కడక్కడా ఉబ్బి కొత్త జన్యువులు పనిలోకి దిగాయి. తర్వాత చూస్తే ఆ ఏర్పాటు ఈగలో, వరిలో, మనిషిలో అన్నిట్లోనూ ఉంది. మీలోనూ ఉంది, నాలోనూ ఉంది. అది లేకపోతే ఒక్క జ్వరానికి కూడా తట్టుకోలేం.

క్యాన్సర్ గడ్డ ఈ ఏర్పాటునే తన అవసరానికి వాడుకుంటుంది. దీన్ని మీ అన్నయ్యకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే చెరువు దగ్గరికి వెళ్దాం. రోజంతా మబ్బు పట్టి, రాత్రి కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే తెల్లవారుజామున ఏమవుతుందో ఆయనకి నేను చెప్పక్కర్లేదు. అడుగున మేత తినాల్సిన వనామీ రొయ్య పైకి తేలి, గట్టు వారకి చేరుతుంది. టార్చి వేస్తే కళ్లు మెరుస్తూ వరసగా కనిపిస్తాయి. అడుగున ఆక్సిజన్ లేదు, అందుకే బయలుదేరాయి. గడ్డలో జరిగేదీ దాదాపు ఇదే. గడ్డ పెరిగినంత వేగంగా రక్తనాళాలు పెరగవు. నాళానికి మిల్లీమీటరులో ఐదో వంతు దూరం దాటితే చాలు, కణానికి ఆక్సిజన్ సరిగ్గా అందదు. మామూలుగా ఆక్సిజన్ ఉన్నంతసేపూ హిఫ్ అనే ఒక ప్రోటీన్‌ని కణం ఎప్పటికప్పుడు విరిచి పారేస్తుంటుంది. ఆక్సిజన్ తగ్గగానే అది విరగకుండా మిగిలిపోయి, కొత్త రక్తనాళాలు రప్పించే జన్యువుల్నీ, పక్క కణాలతో పట్టు సడలించే జన్యువుల్నీ, చుట్టూ ఉన్న కండని కోసుకుంటూ దారి చేసుకునే జన్యువుల్నీ మేల్కొలుపుతుంది. కణం ఆక్సిజన్‌ని ఎలా కనిపెడుతుందో తేల్చినందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి నోబెల్ వచ్చింది. అదే ఏడు మీ అమ్మగారు ఆపరేషన్ బల్ల మీద ఉన్నారు.

చెరువులో ఆక్సిజన్ పడిపోయేది నీళ్లలో ఉన్న కారణాలకి. గట్టు మీద అన్నాచెల్లెళ్లు పోట్లాడుకున్నారని పడిపోదు. మీ అన్నయ్యకి ఈ ఒక్క మాట చేరితే సగం పని అయినట్టే.

మరి అన్నేళ్లు ఆ కణాలు ఎముకలో ఏం చేశాయి? దీనికి మీ వైపు వరిచేలలోనే పోలిక ఉంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకం మీకు తెలుసు. ముంపు తట్టుకునేలా దానికి ఒక జన్యువు కలిపి స్వర్ణ సబ్-1 తెచ్చారు. మామూలు స్వర్ణ నీటిలో మునిగితే పైకి అందుకోవాలని సాగి సాగి, ఉన్న శక్తంతా అయిపోయి కుళ్లిపోతుంది. సబ్-1 మునిగాక ఎదగడం ఆపేస్తుంది. పిండిపదార్థం దాచుకుని రెండు వారాల దాకా ఊరికే ఉంటుంది, నీరు తీశాక చిగురేస్తుంది. గడ్డని వదిలి రక్తంలో పడ్డ కణాల్లో ఎక్కువ భాగం దారిలోనే చచ్చిపోతాయి. పదివేలలో ఒకటి కూడా కొత్త చోట గడ్డ కట్టదని అంచనా. మిగిలిన ఆ కొన్ని కూడా కొత్త మట్టిలో ఇమడలేక సబ్-1 లాగే ఎదగడం ఆపేసి పడుకుంటాయి. ఆకలి తట్టుకోవడానికి తన లోపలి పాత సామానునే కణం అరిగించుకు బతికే పద్ధతి ఒకటుంది, దాన్ని ఆటోఫాజీ అంటారు. దాని గుట్టు విప్పిన జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. నిద్రలో ఉన్న కణాలు ఇలాంటివి వాడుకుని రోజులు గడుపుతాయి. విత్తనం ఎంత ముఖ్యమో అది పడ్డ నేల అంత ముఖ్యమని 1889లోనే లండన్ డాక్టరు స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్ గురించే రాశాడు. ఎప్పుడు, ఎందుకు ఆ నిద్ర చెదురుతుందన్నది ఒక్కో మనిషిలో వేలు పెట్టి చూపించగలిగిన డాక్టరు లేడు. మీ అన్నయ్య అంతకంటే చూపించలేడు.

మనసులోని దిగులుకి అసలు ఏ పాత్రా లేదా అని మీరు అడుగుతారు, దాచకుండా చెబుతాను. ఎలుకల్ని రోజూ కొంతసేపు ఇరుకు గొట్టాల్లో బంధించి చూసిన ప్రయోగాల్లో, భయపడ్డప్పుడు ఊరే హార్మోన్ల వల్ల గడ్డలు ఎక్కువ పాకాయి. అది నిజం. కానీ మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ అలా లేదు. యూరప్‌లో 1,16,000 మంది ఉద్యోగుల వివరాలు కలిపి చూసి 2013లో అచ్చువేసిన అధ్యయనంలో పని ఒత్తిడికీ, రొమ్ము, పేగు, ఊపిరితిత్తి, ప్రోస్టేట్ క్యాన్సర్లు రావడానికీ సంబంధం కనపడలేదు. అది క్యాన్సర్ మొదట రావడం గురించి, తిరగబెట్టడం గురించి కాదు. ఆ తేడా మీకు చెప్పి తీరాలి. తిరగబెట్టడం విషయంలో ఒక రోజు గొడవ కారణమని చెప్పే ఆధారం మాత్రం లేదు. ఏళ్ల తరబడి దిగులు ఉన్న మనిషికి నిద్ర పట్టదు, తిండి తగ్గుతుంది, మందు వేళకి వేసుకోరు. వాటి నష్టం వాటికి ఉంది. మీ అమ్మగారు ఒక్క మాత్ర కూడా మానలేదని మీరే రాశారు.

మీ మేనత్త 'కత్తి పెడితే పాకుతుంది' అన్నారని కూడా రాశారు. ఆపరేషన్ చేయించబట్టే ఆవిడ ఇన్నేళ్లు తోటలో తిరిగారు. దాని మీద ఇంతకంటే సమయం పెట్టొద్దు.

మాత్రలు, పొడుల సంగతి మాత్రం వదలకండి. ఇది అత్యవసరంగా తేల్చాల్సిన విషయం. యాంటీఆక్సిడెంట్ అంటే మంచిదే కదా, ఒత్తిడి తగ్గిస్తుంది కదా అని మీ అన్నయ్య ప్రేమతోనే తెచ్చాడు. చిక్కెక్కడంటే అది ఎవరి ఒత్తిడిని తగ్గిస్తుందన్నది. రక్తంలో కొట్టుకుపోయే క్యాన్సర్ కణానికి అక్కడి ఆక్సీకరణ, అంటే ఆక్సిజన్ తాకిడికి కణం పాడవడం, పెద్ద గండం. చాలా కణాలు చచ్చేది ఆ దెబ్బకే, యాంటీఆక్సిడెంట్ ఆపేదీ ఆ దెబ్బనే. 2015లో ఎలుకల మీద చేసిన రెండు వేర్వేరు అధ్యయనాల్లో యాంటీఆక్సిడెంట్ ఇచ్చాక చర్మ క్యాన్సర్ ఇంకా ఎక్కువ పాకింది. అంటే మందు గడ్డకే గొడుగు పట్టింది. మనుషుల్లో కూడా హెచ్చరికలున్నాయి. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిపి 1994లో ప్రకటించిన పరిశోధనలో బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లకి ఊపిరితిత్తి క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. 35,000 మందికి పైగా మగవాళ్లతో చేసిన మరో పరిశోధనలో, విటమిన్ ఇ మాత్రలు వాడినవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది. ఇవి మీ అమ్మగారి రకం క్యాన్సర్లు కావు, కాబట్టి ఆ పొడి ఆవిడకి కీడు చేసేసిందని నేను అనను. మీరూ అన్నయ్యని అలా అనకండి, మీకు తగిలించిన నిందనే తిప్పి ఆయనకి తగిలించినట్టవుతుంది. డబ్బాలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టించండి. ఆపమనే మాట ఆయన నోటి నుంచి వస్తే అన్నయ్యకి చిన్నతనం ఉండదు. మునగాకు, గోంగూర, బత్తాయి లాంటి ఇంటి తిండికి ఈ భయం అక్కర్లేదు. ఒక్కటి అడగండి: పెరట్లో పంపరపనస చెట్టు ఉంటే ఆ పండు తినొచ్చా అని. ఈ జబ్బుకి ఇప్పుడు ఇచ్చే పాల్బోసిక్లిబ్ లాంటి మాత్రలతో ఆ జాతి పండ్లు కొన్ని పడవు.

ఇప్పుడు వెళ్లాలా వద్దా. వెళ్లకపోతే అన్నయ్య మాట నెగ్గుతుంది, ఇంట్లో అరుపులు ఉండవు. కానీ అమ్మ దృష్టిలో మీరు అలిగి రానట్టే మిగులుతారు, ఆవిడకి కారణం ఎవరూ చెప్పడం లేదు కదా. వెళ్తే మొదటి గంట కష్టంగా ఉంటుంది. ఉత్తరం నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. కనుమ నాడు మీరు ఆటో ఎక్కుతుంటే అమ్మ పరిగెత్తుకొచ్చి, మాట్లాడకుండా, స్టీలు డబ్బాలో కొబ్బరి లౌజు మీ ఒళ్లో పెట్టారని రాశారు. ఆ డబ్బా ఇంకా మీ దగ్గరే ఉందని కూడా రాశారు. మీ మీద కోపంతో ఒళ్లు గుల్ల చేసుకున్న మనిషి చేసే పని కాదమ్మా అది. అన్నయ్య ఉన్నప్పుడు వెళ్లడం మరీ ఇబ్బంది అనుకుంటే, ఆసుపత్రికి వెళ్లే రోజున నేరుగా అక్కడికే వెళ్లి కలవడం ఒక దారి. వరండాలో నలుగురి మధ్య ఎవరూ అరవరు, డాక్టరు చెప్పేది ఇద్దరూ ఒకేసారి వింటారు. నాకైతే అదే బాగుందనిపిస్తోంది. 'టెన్షన్ వల్ల తిరగబెట్టిందా' అని మీ అన్నయ్య చేతే డాక్టర్ని అడిగించండి.

అమ్మకి చెప్పే విషయంలో మీ ఇంటిని నేను తప్పు పట్టను. మన వైపు చాలా ఇళ్లలో ప్రేమ అలాగే నోరు మూసుకుంటుంది. చెప్పకపోతే ఆవిడ కొన్నాళ్లు 'అరుగుదల' అని నమ్మొచ్చు. కానీ నెలనెలా సూదులు, మళ్లీ రేడియేషన్ గది, కొడుకు గుసగుసలు చూసి ఎన్నాళ్లు నమ్ముతారు? ఒకసారి ఆ జబ్బు దాటి వచ్చిన మనిషికి ఆ ఆసుపత్రి వాసనే అన్నీ చెప్పేస్తుంది. అప్పుడు ఆవిడ కూడా మీకోసం తెలియనట్టు నటించడం మొదలుపెడతారు. అందరూ ఒకే ఇంట్లో ఉండి ఎవరికి వారు ఒంటరైపోతారు. మొత్తం చెప్పేయడమూ ఒక్కోసారి బరువే. ఈ రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది, ఆవిడనే అడగడం. "అమ్మా, డాక్టరు చెప్పేవన్నీ నీకు చెప్పమంటావా, మేం చూసుకోమంటావా?" అని. కొందరు "అన్నీ చెప్పు" అంటారు, కొందరు "మీరే చూసుకోండి" అంటారు. ఏదన్నా అది ఆవిడ నిర్ణయం. చెప్పాల్సి వస్తే నిజం ఇది: ఎముకకి పాకాక పూర్తిగా తీసేయడం సాధారణంగా కుదరదు. కానీ హార్మోన్ రకంలో మాత్రలతో ఏళ్ల తరబడి అదుపులో పెట్టుకుని తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎముక నొప్పికి ఒక్క విడత రేడియేషన్ కూడా బాగా పనిచేస్తుంది. ఎముక గట్టిదనానికి ఇచ్చే ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు అమ్మగారి నోటి పళ్లు దంతాల డాక్టరుకి చూపించాలేమో అడగండి. రెండో అభిప్రాయం కావాలంటే విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఈ స్ట్రెస్ రెస్పాన్స్ పరిశోధన మీలాంటివాళ్లని బాధపెట్టడానికి పుట్టింది కాదని కూడా తెలియాలి. గడ్డ ఏ ఏర్పాటు మీద ఆధారపడి బతుకుతోందో తెలిస్తే అక్కడే దెబ్బ కొట్టొచ్చు. ఎముక మజ్జ క్యాన్సర్‌కి 2003 నుంచి వాడుతున్న బోర్టెజోమిబ్ అలాంటిదే, పాడైన ప్రోటీన్లు పోగుపడి కణం ఊపిరాడక చచ్చేట్టు చేస్తుంది. హిఫ్ కుటుంబంలో ఒకదాన్ని అడ్డుకునే మందు 2021లో అమెరికాలో ఒక రకం కిడ్నీ గడ్డలకి అనుమతి పొందింది. మీరు చదివిన వ్యాసం వెనక ఉన్నది ఈ ఆశ.

తోట. వదిలేసుకుంటే అమ్మకి నయం కాదు, మీరు పట్టుబడితే జబ్బు ముదరదు. కాబట్టి ఆ రెంటినీ విడదీసి ఆలోచించండి. ఇప్పుడే సంతకం పెట్టేస్తే ఇంట్లో శాంతి రావచ్చు. కానీ 'తప్పు చేశాను కాబట్టి వదిలేశాను' అన్నది మీ మనసులో ఉండిపోతుంది, అన్నయ్య కూడా అలాగే చదువుకుంటాడు. ఇప్పుడే తేల్చమంటే వైద్యం ఖర్చులు, తిరుగుళ్ల మధ్య ఇంకో గొడవ. "అమ్మ వైద్యం ఒక గాడిన పడేదాకా తోట మాట ఎత్తను, వదిలేశానని కాదు" అని అన్నయ్యకి చెప్పొచ్చు, ఫోన్‌లో మెసేజ్‌గా పెట్టినా సరే. హక్కు పోదు, గొడవా ఆగుతుంది. ఎంపిక మీది.

అన్నయ్య గురించి ఒక్క మాట. ఆయన మిమ్మల్ని నిందించడం తప్పే. కానీ చెరువులో రొయ్య తేలితే కారణం వెతికి ఏరియేటర్ వేసే మనిషి, అమ్మ విషయంలో వేయడానికి ఏమీ దొరక్క మీ మీద పడ్డాడని నాకనిపిస్తోంది. ఆయనకి చేయడానికి పని ఇవ్వండి. ఫైళ్లు సర్దడం, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కాగితాలు చూడటం, మాత్రల వేళలు రాయడం.

ఇవన్నీ తర్వాత. ఈ సాయంత్రం అమ్మగారు ఫోన్ చేసినప్పుడు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, నడుస్తుంటే తూలుతున్నాయా, మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ ఉందా అని అడగండి. వెన్నెముకలో మచ్చలున్నవాళ్లకి వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏవీ లేకపోతే, రాత్రి నొప్పికి నిద్ర పడుతోందా అని అడగండి. ఆ తర్వాత, ఆ స్టీలు డబ్బా తీసుకుని ఏ రోజు వస్తున్నారో చెప్పండి.